పాత జాజ్, బ్లూస్ సంకలనాల్లో ఏది తీసుకోవాలి? 1920, 30ల దిగులు పాటలు వినాలనుకునేవాళ్లకు

బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాడిన ‘సెయింట్ లూయీస్ బ్లూస్’ను ఏ మ్యూజిక్ యాప్‌లో వెతికినా పదుల సంకలనాల్లో కనిపిస్తుంది. ఒకదాంట్లో గొంతు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది, వెనక సన్నగా చిటపటలు. ఇంకోదాంట్లో చిటపటలు లేవు గానీ గొంతు మీద దుప్పటి కప్పినట్టుంటుంది. మరోదాంట్లో ఎవరో ప్రతిధ్వని కలిపి, ఖాళీ కల్యాణ మండపంలో పాడించినట్టు చేసి పెట్టారు. అన్నీ 1925 జనవరిలో కొలంబియా కంపెనీ చేసిన ఆ ఒక్క రికార్డింగే. తేడా అంతా ఏ గ్రామఫోన్ ప్లేటు దొరికింది, దాని మీది శబ్దాన్ని కొత్త రూపంలోకి ఎవరు ఎక్కించారు అన్న దగ్గరే ఉంది.

కాబట్టి ‘100 పాటలు’, ‘ఒరిజినల్ రీమాస్టర్డ్’ (పాత శబ్దాన్ని శుభ్రం చేసి మళ్లీ తయారుచేసింది) అని అట్ట మీద ఉన్నవి పక్కన పెట్టి, అట్ట వెనక్కి తిప్పండి. ప్రతి పాటకూ రికార్డు చేసిన తేదీ, ఊరు, వాయించినవాళ్ల పేర్లు, అసలు లేబుల్ పేరు, ప్లేటు నంబరు ఉన్నాయా? అవి ఉంటే, తయారు చేసినవాళ్లకు తమ చేతిలో ఉన్నదేమిటో తెలుసని అర్థం. లేకపోతే ఎక్కడో దొరికిన ఫైలును తెచ్చి పెట్టి ఉంటారు. డబ్బు పెట్టేముందు ఈ ఒక్కటి చూసినా సగం చెత్త వడబోసినట్టే.

ముందు కాలం తేల్చుకోండి

‘మూడీ జాజ్’ అనగానే చాలామంది మనసులో మెదిలేది వాన కురిసిన వీధి, దూరంగా శాక్సఫోన్, ఊపిరి కూడా వినిపించేంత దగ్గరి శబ్దం. మీకు కావాల్సింది అదే అయితే 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) ప్లేట్ల కాలం మీది కాదు. ఆ శబ్దం మాగ్నెటిక్ టేపు, ఎల్‌పీ రికార్డులు వచ్చాక, 1950లలో పుట్టింది. బెన్ వెబ్‌స్టర్ శాక్సఫోన్, చెట్ బేకర్ ట్రంపెట్ ఉన్న సంకలనం ఏదో ఒకటి తీసుకోండి. వాటికి అసలు టేపులు చాలావరకు ఉన్నాయి కనుక ఎంపికలో పెద్ద చిక్కులుండవు.

1920, 30ల రికార్డింగుల్లో దిగులు వేరే చోట ఉంటుంది. పాట మూడు నిమిషాల్లో అయిపోవాలి, ఎందుకంటే పదంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది అంతే. 1925 దాకా మైక్రోఫోన్ లేదు. గాయని ఒక బాకా ముందు నిలబడి పాడితే, ఆ గాలి ఒత్తిడే సూదిని కదిపి మైనంలో గాడి గీసేది. ఆ పద్ధతిలో పట్టుబడింది దాదాపు 250 నుంచి 2,500 హెర్ట్‌జ్ మధ్య శబ్దమే. డ్రమ్ముల మోత, తీగల మెరుపు రెండూ అందులో చేరేవి కావు. మైక్రోఫోన్ వచ్చాక పైహద్దు ఐదారు వేల హెర్ట్‌జ్‌కు చేరింది. అందుకే ఒకే గాయని 1924లో పాడినదీ 1929లో పాడినదీ పక్కపక్కన పెడితే గది మారినట్టు అనిపిస్తుంది. మంచి సంకలనకర్త ఈ సంగతి తెలిసి వరుస పేరుస్తాడు.

పైన చెప్పిన ‘సెయింట్ లూయీస్ బ్లూస్’ బాకా కాలపు చివరి దశది. వెనక వినిపించేది పియానో కాదు, ఫ్రెడ్ లాంగ్‌షా తొక్కిన హార్మోనియం. పద్యనాటకంలో రాగం తీసేటప్పుడు వెనక హార్మోనియం శ్రుతి పట్టుకుని నిలబడ్డట్టే ఇక్కడా అది కదలకుండా స్వరాన్ని పట్టి ఉంచుతుంది. బెస్సీ ఒక పాదం పాడి ఆగగానే ఆ ఖాళీలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బూర) జవాబు చెబుతుంది. ఏ సంకలనం చేతికొచ్చినా ఈ ఒక్క పాటతో పరీక్షించవచ్చు: ఆ హార్మోనియం ఊపిరి తెరలు తెరలుగా వినిపించాలి. చిటపటలతో పాటు అదీ మాయమైతే ఆ రీమాస్టరింగ్ చేసినవాళ్లు శబ్దాన్ని కడిగేశారు.

ప్లేటు సంగతి

అప్పటి ప్లేట్లు లక్కవి. లాడ్ బజార్ గాజులకూ ఏటికొప్పాక బొమ్మలకూ వాడే లక్కే. ఛోటా నాగపూర్ అడవుల నుంచి సేకరించిన లక్క కలకత్తా రేవు మీదుగా అమెరికా చేరి, రాతిపొడి, నల్లరంగు కలుపుకుని గ్రామఫోన్ ప్లేటయ్యేది. 1942లో యుద్ధం మూలంగా సరఫరా కుదించుకుపోయి అమెరికా ప్రభుత్వం లక్కకు రేషన్ పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సంగీతకారుల సంఘం రికార్డింగుల బంద్ ప్రకటించింది. సంకలనాల్లో 1942 చివరి నుంచి 1944 దాకా ఖాళీ కనిపిస్తే అదీ కారణం. ఇంకో ముచ్చట: షికాగోలో ఎర్స్‌కిన్ టేట్ బృందంలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి 1926లో రికార్డు చేసిన పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ తర్వాత కలకత్తా వచ్చి, అక్కడి గ్రాండ్ హోటల్‌లో బ్యాండు నడిపి, ఆ ఊళ్లోనే కొలంబియాకు పాటలు రికార్డు చేసి, 1945లో అక్కడే కలరాతో పోయాడు. సాధారణ సంకలనాల్లో ఆయన పేరు అరుదు.

రాతిపొడి నాణ్యత కంపెనీని బట్టి మారేది. కొలంబియా 1923లో కొత్త తరహా పొరల ప్లేట్లు తెచ్చింది. వాటి ఉపరితలం నున్నగా ఉంటుంది, గరగర తక్కువ. అటు చివర పారామౌంట్ ఉంది. విస్కాన్సిన్‌లో కుర్చీలు, ఫర్నిచర్ చేసే కంపెనీ గ్రామఫోన్ పెట్టెలు చేస్తూ చేస్తూ పెట్టిన లేబుల్ అది. నాసిరకం పొడి, నాసిరకం అచ్చు. చార్లీ ప్యాటన్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ లాంటి పల్లెటూరి బ్లూస్ గాయకుల ముఖ్యమైన పాటలు చాలావరకు ఈ లేబుల్ మీదే వచ్చాయి. ఆ కంపెనీ 1930ల మొదట్లో మూతపడ్డాక లోహపు అచ్చులు తుక్కు కింద పోయాయి. మిగిలింది జనం ఇళ్లలో అరిగిపోయిన ప్లేట్లే. స్కిప్ జేమ్స్ 1931లో పారామౌంట్ వాళ్ల గ్రాఫ్టన్ స్టూడియోలో పాడినవి 18 పాటలు మనకు దక్కాయి, వాటిలో కొన్నింటికి ప్రపంచం మొత్తం మీద ప్లేట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

దీని అర్థం ఏమిటంటే, స్కిప్ జేమ్స్ పాట గరగర లేకుండా శుభ్రంగా ఎవరైనా వినిపిస్తుంటే వాళ్లు మంచి ప్లేటు సంపాదించారని కాదు, గట్టిగా గీకారని. కొలంబియా, విక్టర్ పాటల్లో గరగర ఎక్కువుంటే మాత్రం అరిగిన ప్లేటు వాడారని అనుమానించాలి. గరగరను లేబుల్‌ను బట్టి బేరీజు వేయాలి.

ప్లేటు నుంచి శబ్దం తీసేవాళ్ల పనితనం మూడు చోట్ల తెలుస్తుంది. ఒకటి, సూది. 78 ప్లేటు గాడికి దాదాపు 3 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి. ఎల్‌పీ సూది 1 మిల్లు లేదా అంతకంటే సన్నం, అది పెడితే గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుపోతుంది. చేయి తిరిగినవాళ్లు 2 నుంచి 4 మిల్లుల దాకా రకరకాల సూదులు మార్చి చూసి, పాత స్టీల్ సూదులకు అరగని ఎత్తులో గాడి గోడను పట్టుకుంటారు. రెండు, ఈక్వలైజేషన్, అంటే మంద్ర, తార స్థాయిల పాళ్లు సరిచేయడం. మైక్రోఫోన్ కాలపు ప్లేట్లలో మంద్రం తగ్గించి గీసేవారు. తిరిగి వాయించేటప్పుడు దాన్ని సరైన మోతాదులో పెంచాలి. అలా కాకుండా ఎల్‌పీలకు వాడే ప్రామాణిక కర్వ్‌తోనే లాగేస్తే తారస్థాయి బాగా అణిగిపోయి పాట బొంగురుపోతుంది. మూడు, వేగం. 78 అన్నది మాటవరసకే. బాకా కాలపు కొలంబియా ప్లేట్లు 80 మీద తిప్పాలి. 78 మీద తిప్పితే రెండున్నర శాతం నెమ్మది. స్వరం అరమెట్టుకు కాస్త తక్కువగా దిగిపోతుంది, మూడు నిమిషాల పది సెకన్ల పాట ఐదు సెకన్లు సాగుతుంది. గొంతులో కొత్తగా కనిపించే ‘గాంభీర్యం’ కొన్నిసార్లు ఇదే.

చెవితో పరీక్ష

కొనేముందు యాప్‌లో ముప్పై సెకన్లు వినగలిగితే చాలు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ చోట్లు చూడండి.

పాట మొదలయ్యేముందు రెండు సెకన్లు, అయిపోయాక రెండు సెకన్లు వినండి. ప్లేటు బుసబుస సన్నగా మొదలై, పాట పొడుగునా అదే మట్టంలో ఉండాలి. పాట ఆగగానే బుస టక్కున ఆగి, స్వరం రాగానే మళ్లీ లేస్తే అది నాయిస్ గేట్ (శబ్దం తగ్గిన చోటల్లా మొత్తం మూసేసే సాధనం) పని. చెవికి అంతకంటే చికాకు మరొకటి లేదు. గిటారు తీగ మీటి వదిలేసిన చోట స్వరం మెల్లగా ఆరిపోవాలి. చివర నీళ్లలో బుడగలు లేచినట్టు ‘గుళగుళ’ వినిపిస్తే నాయిస్ రిడక్షన్ మోతాదు మించింది. పాటలో ‘స’కారాలు వచ్చే చోట అవి తడిసిన గుడ్డలా ఉంటే పైస్థాయి మొత్తం కోసేశారని లెక్క.

కొంచెం ఓపిక ఉంటే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఇంకో పరీక్ష ఉంది. ఫైలు తెరిచి, ట్రాక్ మెనూలో స్టీరియోను రెండు మోనో ట్రాకులుగా విడగొట్టండి. ఒకదాన్ని ఎంచుకుని ఎఫెక్టుల్లో ‘ఇన్వర్ట్’ కొట్టి, రెండూ కలిపి వినండి. పూర్తి నిశ్శబ్దం వస్తే అది అసలైన మోనో, అంటే రెండు వైపులా ఒకే శబ్దం. చిటపటలు మాత్రమే మిగిలితే స్టీరియో కార్ట్రిడ్జ్‌తో తీసి కలపకుండా వదిలేశారు, పెద్ద తప్పేమీ కాదు. పాట కూడా మిగిలి, గొంతు అటూ ఇటూ తిరుగుతుంటే 1960లలో ఫ్యాషనైన దొంగ స్టీరియో, లేదా ఎవరో కలిపిన రెవెర్బ్ (ప్రతిధ్వని). అలాంటి సంకలనం ఉచితంగా వచ్చినా వద్దు.

‘24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్’ అని ఎక్కువ ధర అడిగితే ఒక్కమాట గుర్తుంచుకోండి: అసలు పాట ఉన్నదే ఆరేడు వేల హెర్ట్‌జ్ లోపు. హై రెజల్యూషన్ శుభ్రం చేసే పనిలో సాయపడుతుంది. చిటపటను అంత సూక్ష్మంగా గుర్తుపట్టి తీయగలరు. తీసేశాక మీకు మామూలు సీడీ నాణ్యత సరిపోతుంది.

ఏ రకం సంకలనం ఎవరికి

మార్కెట్లో దొరికేవి స్థూలంగా నాలుగు తీర్లు. వీటిలో ‘సంపూర్ణ’ సంకలనాలను చూసి జనం ఎక్కువ మోసపోతారు. అవి చెడ్డవని కాదు, ఎందుకు చేశారో తెలియకుండా కొనడం వల్ల.

డాక్యుమెంట్ రికార్డ్స్‌ను ఆస్ట్రియాలో జానీ పార్థ్ మొదలుపెట్టాడు, తర్వాత అది స్కాట్లాండ్‌కు చేరింది. వాళ్ల సూత్రం ఒక్కటే: ఒక కళాకారుడు రికార్డు చేసిన ప్రతి పాటా, తేదీల వరుసలో, దొరికిన ప్లేటు ఎంత అరిగినా సరే. పరిశోధకుడికి ఇది వరం. రాత్రి దీపం తగ్గించి వినాలనుకునేవాడికి శిక్ష. ఎందుకో చూడండి: పన్నెండు బార్ల బ్లూస్‌లో మొదటి పాదం పాడి, అదే మళ్లీ పాడి, మూడో పాదంతో ముగిస్తారు. ఒకే గాయకుడు ఒకే సెషన్‌లో ఒకే గిటారుతో, ఒకే శ్రుతిలో పాడిన పాతిక పాటలు వరుసగా వింటే పదో పాటకే చెవి మొద్దుబారుతుంది. అవి మూడేసి నిమిషాల చొప్పున, ప్లేటుకు రెండు వైపులా, విడివిడిగా వినడానికి తీసినవి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ‘క్రొనొలాజికల్ క్లాసిక్స్’ సీడీలు జాజ్‌లో ఇదే పని చేశాయి. కాకపోతే అవి ప్రత్యామ్నాయ టేకులు (అదే పాటను మళ్లీ పాడించి తీసిన రూపాలు) వదిలేస్తాయి కనుక కాస్త తేలిక.

బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ విషయంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆయన 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో 16, 1937 జూన్‌లో డల్లస్‌లో 13, మొత్తం 29 పాటలు రికార్డు చేశాడు. 1990లో వచ్చిన సంపూర్ణ సీడీల్లో ఒకే పాట రెండు టేకులూ పక్కపక్కన ఉంటాయి. పాట అయిపోయిందనుకునేలోపు అదే పాట మళ్లీ మొదలవుతుంది. పోల్చి చదువుకోవడానికి బాగుంటుంది, ఊరికే వినేటప్పుడు మూడ్ చెడగొడుతుంది. 2011లో వచ్చిన శతజయంతి సెట్‌లో 42 టేకులున్నాయి, ఈ చిక్కు లేదు. ఇక 1961 నాటి ‘కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్’ ఎల్‌పీలో ఉన్నవి 16 పాటలే. అది ‘క్రాస్ రోడ్ బ్లూస్’తో మొదలై ‘హెల్‌హౌండ్ ఆన్ మై ట్రెయిల్’తో ముగుస్తుంది. ఏరి, కూర్చి, ఆపాల్సిన చోట ఆపారు. మొదటిసారి వినేవాళ్లకు మా ఓటు ఆ పదహారు పాటలకే. జాన్సన్ రికార్డులు అసలు వేగం కంటే పెంచి గీసినవని కొన్నేళ్లుగా ఒక వాదన నడుస్తోంది. దాన్ని నమ్మి వేగం తగ్గించిన రూపాలు యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి. పాత రికార్డుల నిపుణుల్లో ఎక్కువమంది ఆ వాదనను ఒప్పుకోలేదు. అవి విని జాన్సన్ గొంతు ఇదేననుకోకండి.

ఏరి కూర్చడంలో యాజూ లేబుల్‌ది పెద్ద చేయి. నిక్ పెర్ల్స్ 1960ల చివర్లో న్యూయార్క్‌లో మొదలుపెట్టాడు. సేకర్తల దగ్గరున్న మంచి ప్లేట్లు తెచ్చి, ఎల్‌పీకి సాధారణంగా 14 పాటలు. గరగరను పూర్తిగా తీసేయరు, పాట మీదికి ఎక్కనివ్వరు. పల్లెటూరి బ్లూస్ ఒక్క డిస్కుతో మొదలుపెట్టాలనుకుంటే యాజూ పేరు చూసి కళ్లు మూసుకుని కొనవచ్చు.

ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన పాటలకు రెండు పేరున్న నాలుగు సీడీల పెట్టెలు ఉన్నాయి. ఒకటి సొంతదారు కొలంబియా 2000లో తెచ్చింది, రెండోది బ్రిటన్‌లోని జేఎస్‌పీది. విచిత్రం ఏమిటంటే సేకర్తలు ఎక్కువమంది జేఎస్‌పీ వైపే మొగ్గుతారు. అక్కడ ప్లేట్లు ఎక్కించింది జాన్ ఆర్. టి. డేవీస్. బెస్సీ స్మిత్‌కు ఆయన చేసిన ఎనిమిది భాగాలు ఫ్రాగ్ లేబుల్ మీద ఉన్నాయి. 2004లో పోయిన ఈయన పేరు అట్ట వెనక కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు.

చారిత్రక సంకలనాల గురించి క్లుప్తంగా. హ్యారీ స్మిత్ 1952లో ఫోక్‌వేస్‌కు కూర్చిన 84 పాటల సంకలనం గొప్పదే, కానీ అందులో జాజ్ కోసం వెతికితే నిరాశే. సగానికి సగం కొండప్రాంతపు తెల్లవాళ్ల జానపదం. స్మిత్‌సోనియన్ సంస్థ 2011లో తెచ్చిన జాజ్ సంకలనం ఆరు సీడీలు, 111 పాటలు. అది చరిత్ర చెప్పడానికి చేసింది కనుక దిగులు పాట వెనకే గంతులేసే పాట వస్తుంది. చదువుకునేవాళ్లు తీసుకోవచ్చు.

వంద పాటల చౌక పెట్టెలు, యాప్‌లలో ‘వింటేజ్ మిడ్‌నైట్ బ్లూస్’ తరహా పేర్లతో వచ్చేవి చివరి తీరు. ఐరోపాలో రికార్డింగు హక్కు 2013 దాకా యాభై ఏళ్లే. ఆ ఏడాది డెబ్బైకి పెంచినా, అప్పటికే గడువు తీరినవి వెనక్కి రాలేదు. అంటే 1962 దాకా విడుదలైనవి అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. యాజమాన్యం అడ్డులేకపోవడం వల్లే డేవీస్ లాంటి వాళ్లు అంత పని చేయగలిగారు, ఆ తలుపులోంచే చెత్తా వచ్చింది. ఇలాంటి వాటిలో తరచూ జరిగే పొరపాటు: 1930ల పాట అని చెప్పి అదే గాయకుడు 1950లలో మళ్లీ పాడిన రూపం పెట్టడం.

కంపెనీ గోడలు

అధికారిక సంకలనాలకు ఒక పరిమితి ఉంది. గాయని బిల్లీ హాలిడేనే తీసుకుందాం. 1933 నుంచి 1942 దాకా పాడినవి దాదాపు అన్నీ కొలంబియా సొత్తు. 1935లో పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్‌తో మొదలైనవీ, 1937 నుంచి లెస్టర్ యంగ్ శాక్సఫోన్‌తో కలిసినవీ అందులో ఉన్నాయి. కానీ నల్లవాళ్లను చెట్లకు ఉరేసి చంపడం మీద పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ రికార్డు చేయడానికి కొలంబియా ఒప్పుకోలేదు. అది 1939 ఏప్రిల్ 20న కొమడోర్ అనే చిన్న లేబుల్ కోసం రికార్డయింది, ప్లేటు నంబరు 526. ‘లవర్ మ్యాన్’ 1944లో డెక్కాకు పాడింది. కాబట్టి పది సీడీల కొలంబియా పెట్టె కొని ఇంటికి తెచ్చుకున్నా అందులో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ ఉండదు. కొమడోర్‌కు ఆమె పాడినవి 16 పాటలే. మీకు కావాల్సింది చీకటి పాటలైతే ఆ చిన్న సెట్టే ముందు తీసుకోండి.

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ను ఆమె 1956లో మళ్లీ పాడింది. రెండూ గొప్పవే. కానీ 1939లో గొంతు నునుపు, 1956లో అరిగిన గొంతు. యాప్‌లో ఏది పెట్టారో చూడకుండా ‘1939’ అన్న మాట నమ్మకండి.

డ్యూక్ ఎలింగ్టన్‌తో చిక్కు ఇంకో రకం. ఆయన ఒకే పాటను కొద్ది నెలల తేడాతో మూడు కంపెనీలకు, బృందం పేరు మార్చి వాయించేవాడు. ‘బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ’ 1927లోనే బ్రన్స్‌విక్, విక్టర్, ఓకే (Okeh) లేబుళ్లకు మూడుసార్లు. విక్టర్ రూపంలో బబర్ మైలీ ట్రంపెట్‌కు రబ్బరు కప్పు అడ్డం పెట్టి గుర్రుమనిపిస్తాడు. ఓకే రూపంలో ఆయన లేడు, జాబో స్మిత్ వాయించాడు. దిగులు కోసం వెతికేవాళ్లకు విక్టర్‌దే సరైనది. ‘మూడ్ ఇండిగో’ కూడా 1930 చివరి మూడు నెలల్లో మూడు లేబుళ్లకు వెళ్లింది. అందులో ట్రంపెట్, ట్రాంబోన్ రెండూ మూతివేసి పైన పలుకుతుంటే, మామూలుగా పైన ఉండే క్లారినెట్ అన్నిటికంటే కింద, మంద్రంలో ఉంటుంది. ఆ తలకిందుల అమరికే ఆ పాట రంగు. ట్రాన్స్‌ఫర్‌లో కింది స్థాయి పోతే క్లారినెట్ పోతుంది, దానితోనే పాట కూడా పోతుంది.

పేరులో ‘బ్లూస్’ ఉందని మూడ్ అంచనా వేయడమూ ప్రమాదమే. 1920లలో అమ్మకానికి పనికొస్తుందని నాట్యపు పాటలకు కూడా ఆ తోక తగిలించేవారు. పాల్ వైట్‌మన్ 1920లో వాయించిన ‘వాంగ్ వాంగ్ బ్లూస్’ ఎగురుతూ ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ‘పొటాటో హెడ్ బ్లూస్’ పండుగ. పాటలు వినకుండా పేర్లు చూసి కూర్చిన సంకలనాల్లో ఇవి కచ్చితంగా దొరుకుతాయి, అదే వాటికి గుర్తు.

సొంతంగా కూర్చుకుంటే

ఏదీ నచ్చకపోతే యాప్‌లోనే సొంత వరుస చేసుకోవచ్చు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే పాత అమెరికన్ రికార్డింగుల డేటాబేస్‌లో పాట పేరు, లేబుల్ కొడితే తేదీ, ఊరు, మ్యాట్రిక్స్ నంబరు ఉచితంగా వస్తాయి. మ్యాట్రిక్స్ అంటే ప్లేటు మధ్యలో లేబుల్ చుట్టూ గీసే నంబరు. ఏ టేకో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇలా ఒక వరుస నడుస్తుంది: ఎలింగ్టన్ విక్టర్ ‘బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ’తో తలుపు తెరవండి. తర్వాత బెస్సీ ‘సెయింట్ లూయీస్ బ్లూస్’, కొలంబియా 14064-డి. ఇండియానాపొలిస్‌లో లెరాయ్ కార్ పియానో, స్క్రాపర్ బ్లాక్‌వెల్ గిటారుతో 1928లో వచ్చిన ‘హౌ లాంగ్, హౌ లాంగ్ బ్లూస్’. ఆ వెంటనే 1928 జూన్ 28 నాటి ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’, ఓకే 8597. మొదటి పన్నెండు సెకన్లు ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే. చివర్లో ఒకే స్వరాన్ని దాదాపు నాలుగు బార్లు లాగి పట్టుకుంటాడు. ఈ పాట ఈ-ఫ్లాట్ (E♭) శ్రుతిలో ఉంది, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూసినప్పుడు శ్రుతి ఈ-ఫ్లాట్‌కూ దాని పైనున్న E స్వరానికీ మధ్య వేలాడుతుంటే ఆ రూపం వేగం తప్పింది, ఇంకోటి వెతకండి. ఈ పరీక్ష పియానో ఉన్న బృందాలకే. ఒంటరి గిటారు గాయకులు తీగలు తమకు నచ్చినట్టు బిగించుకునేవారు, అక్కడ ట్యూనర్ ఏమీ చెప్పలేదు.

ఇక్కడి నుంచి స్కిప్ జేమ్స్ ‘డెవిల్ గాట్ మై వుమన్’లోకి వెళ్లాలంటే జాగ్రత్త. అది పారామౌంట్ ప్లేటు. శుభ్రమైన పాట వెనకే పెడితే గరగర చెంపమీద కొట్టినట్టుంటుంది. ఫైళ్లు మీ దగ్గరుంటే దాని శబ్దాన్ని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి, ముందు రెండు మూడు సెకన్ల ఖాళీ పెట్టండి. దాని పక్కన రాబర్ట్ జాన్సన్ ‘కమ్ ఆన్ ఇన్ మై కిచెన్’ పెడితే చెవి మెల్లగా తేరుకుంటుంది. తర్వాత ‘మూడ్ ఇండిగో’, కొమడోర్ ‘స్ట్రేంజ్ ఫ్రూట్’, 1944 డిసెంబరులో బ్లూ నోట్‌కు సిడ్నీ బెషే క్లారినెట్ మీద వాయించిన ‘బ్లూ హొరైజన్’. బ్లూ నోట్ అప్పట్లో పన్నెండంగుళాల ప్లేట్లు వాడేది కనుక బెషేకు నాలుగు నిమిషాలు దాటి సాగే చోటు దొరికింది.

వీటిని రెండు స్పీకర్లలో, పెద్ద శబ్దంతో వినకండి. మోనో పాటకు ఎదురుగా ఒక్క స్పీకర్ చాలు, శబ్దం మనిషి పక్కన కూర్చుని మాట్లాడే మట్టంలో. బుస చికాకు పెడితే ట్రెబుల్ కొంచెం తగ్గించండి. బేస్ బూస్ట్ మాత్రం ముట్టుకోవద్దు, ప్లేటు తిరిగే గుడగుడ తప్ప అక్కడ పెంచడానికి ఏమీ లేదు.

చివరికి బ్లైండ్ విల్లీ జాన్సన్ ‘డార్క్ వాజ్ ది నైట్, కోల్డ్ వాజ్ ది గ్రౌండ్’. 1927 డిసెంబరు 3, డల్లస్, కొలంబియా 14303-డి. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఉన్నది ఇదే రికార్డింగు. మాటల్లేవు, తీగ మీద జారే గిటారు, దానితో కలిసి మూలిగే గొంతు. గొంతు ఎక్కడ ఆగి గిటారు ఎక్కడ అందుకుందో చాలా చోట్ల తెలియదు. ఈ పాట దగ్గరికి వచ్చేలోపే యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. లేకపోతే ఆఖరి తీగ ఆరకముందే అది తనకు తోచిన ఇంకో పాట అందుకుంటుంది.